బత్తాయి మీద మూడు రబ్బరు బ్యాండ్లు

"కాగితం మీద త్రిభుజం కోణాలు కలిపితే 180 డిగ్రీలు, బంతి మీద అయితే 270." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఒక గీత, భూమధ్యరేఖ వెంట పావు చుట్టు, మళ్ళీ ధ్రువానికి ఇంకో గీత. మూడు మూలల్లోనూ 90. ఆ ఒక్క బొమ్మ చూపించి విషయం అక్కడితో ఆపేస్తారు. విన్నవాళ్ళు 270 అనే అంకెను పట్టుకుని వెళ్ళిపోతారు. ఇంత అందమైన విషయం ఇలా సగంలో ఆగిపోవడం నాకు నచ్చదు, అందుకే ఈ వీడియో.

270 నిజమే, కానీ ఆ త్రిభుజానికి. అన్ని త్రిభుజాలకూ కాదు. ధ్రువం దగ్గర కోణాన్ని 90 నుంచి 60కి తగ్గించండి. కింది రెండు కోణాలు 90 గానే ఉంటాయి, మొత్తం 240. ఒక్క డిగ్రీకి తగ్గిస్తే 181. అంటే బంతి మీద ఈ మొత్తానికి స్థిరమైన విలువ లేదు. త్రిభుజాన్ని బట్టి మారుతుంది. మరి త్రిభుజంలో దేన్ని బట్టి? జవాబు ఒక్కటే మాట: వైశాల్యం. 180 మీద ఎంత ఎక్కువ వచ్చిందో అదే వైశాల్యం. భుజాల పొడవులు అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు. మూడు కోణాలు చెప్పండి చాలు. కాగితం మీద ఇది కలలో కూడా కుదరదు. 60, 60, 60 కోణాలతో అగ్గిపెట్టె అంత త్రిభుజం గీయొచ్చు, ఊరంత త్రిభుజమూ గీయొచ్చు.

ఎందుకిలా అవుతుందో చూపించడానికి ఈ బత్తాయి తెచ్చాను.

[తెర మీద: బత్తాయి, మూడు రబ్బరు బ్యాండ్లు]

ముందు స్కెచ్ పెన్నుతో గీద్దామనుకున్నాను. తొక్క నున్నగా ఉండి సిరా నిలవలేదు, వేలికంతా అంటుకుంది. రబ్బరు బ్యాండ్లే నయం. ఒకటి సరిగ్గా నడుముకు వేస్తున్నాను. చూడండి, కాస్త పక్కకు వేస్తే జారి ఊడిపోతోంది. పండును సరిగ్గా రెండు సగాలు చేసేలా వేస్తేనే నిలుస్తుంది. గోళం మీద సరళరేఖ అంటే మనకు ఇదే. లెక్కల పుస్తకాల్లో దీన్ని మహావృత్తం అంటారు. అక్షాంశ రేఖలన్నీ సరళరేఖలే అనుకునేవాళ్ళు చాలామంది. వాటిలో భూమధ్యరేఖ ఒక్కటే అలాంటిది.

ఇప్పుడు రెండో బ్యాండు. రెండూ ఇక్కడ ఒకసారి కలుసుకున్నాయి, పండుకు అవతలి వైపు ఇంకోసారి. తొక్క నాలుగు తొనలుగా చీలింది. తొన అంటే మనం ఒలుచుకుని తినే తొనే. రెండు కొసలూ సూదిగా, మధ్యలో వెడల్పుగా ఉంటుంది. తొన తొక్క వైశాల్యం కనుక్కోవడం చాలా తేలిక. కొస దగ్గర కోణం 36 డిగ్రీలైతే అది 360లో పదో వంతు, కాబట్టి తొక్కలో కూడా పదో వంతు. దానికి ఎదురుగా సరిగ్గా అంతే ఉన్న తొన ఇంకొకటి ఉంది. ఈ జంట కలిపి ఐదో వంతు. అంటే ఏ కోణానికైనా ఎదురెదురు తొనల జంట వాటా తెలియాలంటే ఆ కోణాన్ని 180తో భాగిస్తే సరిపోతుంది.

మూడో బ్యాండు వేశాను. తొక్క ఎనిమిది ముక్కలైంది, ఎనిమిదీ త్రిభుజాలే. వీటిలో ఒకటి మన త్రిభుజం. సరిగ్గా దాని వెనక, పండుకు అవతల, దాని ప్రతిబింబం లాంటి త్రిభుజం ఉంది. వైశాల్యం అంతే.

ఇక రంగులు వేద్దాం. మన త్రిభుజానికి మూడు మూలలు. ఒక్కో మూల నుంచి ఒక్కో తొనల జంట వస్తుంది. మొదటి జంటకు ఎరుపు, రెండో జంటకు నీలం, మూడో జంటకు ఆకుపచ్చ. మన త్రిభుజం మూడు జంటల్లోనూ ఉంది కాబట్టి దానికి మూడు పూతలు పడ్డాయి. వెనకున్న దానికీ మూడు. మిగతా ఆరు ముక్కలు? ఒక్కొక్కటి తిప్పి చూస్తాను. ఇది ఎరుపు, ఇది నీలం, ఇది ఆకుపచ్చ. ఇటువైపు మళ్ళీ ఎరుపు, నీలం, ఆకుపచ్చ. దేనికీ ఒక పూతకు మించి పడలేదు, ఏదీ ఖాళీగా మిగల్లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, నిరూపణంతా ఇందులోనే ఉంది. మనం వాడిన రంగు పండంతా ఒక పూత వేయడానికి సరిపోగా, మన త్రిభుజం మీద రెండు పూతలు, వెనకదాని మీద రెండు పూతలు అదనం. అంటే ఒక పండు, నాలుగు త్రిభుజాలు. ఇంకోవైపు నుంచి చూస్తే, వాడిన రంగు మూడు కోణాల మొత్తాన్ని 180తో భాగించినంత. రెండూ సమానం. సర్దితే ఇలా వస్తుంది: కోణాల మొత్తంలోంచి 180 తీసేసి 720తో భాగిస్తే, మొత్తం గోళంలో త్రిభుజం ఎన్నో వంతో తెలుస్తుంది.

మన 270 త్రిభుజానికి సరిచూడండి. 180 పోతే 90. 720లో 90 అంటే ఎనిమిదో వంతు. మూడు బ్యాండ్లూ లంబంగా ఉంటే ఎనిమిది ముక్కలూ సమానమే కదా, సరిపోయింది.

దీన్ని గిరార్డ్ సిద్ధాంతం అంటారు. ఆల్బర్ట్ గిరార్డ్ నెదర్లాండ్స్‌లో స్థిరపడిన ఫ్రెంచి గణితజ్ఞుడు, దీన్ని 1629లో అచ్చులో పెట్టాడు. కానీ అంతకు ముందే, 1603లో, ఇంగ్లండులో థామస్ హారియట్ దీన్ని కనుక్కున్నాడు. ప్రచురించలేదు, కాగితాల్లోనే ఉండిపోయింది. హారియట్ పేరు కూడా కలిపి చెప్పాలని నా పట్టుదల.

ఇప్పుడు బత్తాయిని భూమి అనుకోండి. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. దాన్ని 720తో భాగిస్తే ఒక్క డిగ్రీ ఎక్కువ రావడానికి దాదాపు 7 లక్షల 8 వేల చదరపు కిలోమీటర్ల త్రిభుజం కావాలి. తెలంగాణ సుమారు 1,12,000 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద త్రిభుజం గీసినా 180 డిగ్రీల మీద వచ్చేది తొమ్మిదిన్నర నిమిషాలే (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు), డిగ్రీలో ఆరో వంతు కూడా కాదు. పొలం కొలిచే సర్వేయరుకు భూమి బల్లపరుపుగా ఉన్నా తేడా తెలియనిది ఇందుకే.

కానీ దేశాన్నే కొలిచేవాళ్ళకు తెలుస్తుంది. 1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన మహా సర్వే త్రిభుజాల మీద త్రిభుజాలు పేర్చుకుంటూ దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. అర టన్ను బరువున్న థియోడలైటుతో, అంటే కోణాలు కొలిచే యంత్రంతో, కోణాలు చదివారు. 40 కిలోమీటర్ల భుజాలున్న త్రిభుజంలో ఎక్కువ వచ్చేది మూడున్నర సెకన్లు (సెకను అంటే ఆ నిమిషంలో 60వ వంతు). కొలతలో తప్పు ఎంత, భూమి గుండ్రదనం వల్ల వచ్చింది ఎంత? ఈ రెంటినీ విడదీయాలంటే ఈ సిద్ధాంతం లేకుండా కుదరదు. 1787 నాటికే ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్ర్ దీనికి చక్కని దారి చూపించాడు: త్రిభుజం చిన్నదైతే, ఎక్కువ వచ్చినదాన్ని మూడు సమాన భాగాలు చేసి ఒక్కో కోణంలోంచి తీసేయండి, ఆ తర్వాత మామూలు కాగితం త్రిభుజంలాగే లెక్క కట్టుకోండి.

టైమ్ అయిపోతోంది, ఇంకో రెండు విషయాలు వేగంగా చెప్పేస్తాను.

ఒకటి. ఈ త్రిభుజం ముక్కను చాకుతో కోసి బల్ల మీద పెడుతున్నాను. మధ్యలో ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే... అంచు దగ్గర చీలింది. కాగితం మీద కోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా ఎక్కువున్న త్రిభుజానికి చోటు లేదు. అందుకే ఏ ప్రపంచ పటమూ దూరాలన్నిటినీ సరిగ్గా చూపలేదు.

రెండోది నాకు చాలా ఇష్టం, దీనికి వేరే వీడియో చేస్తాను. గోళాన్ని త్రిభుజాలే కాదు, ఏ బహుభుజులతో కప్పినా ఇదే లెక్క నడుస్తుంది. అన్ని ముక్కల్లో, కాగితం మీద అదే బహుభుజికి వచ్చేదానికన్నా ఎక్కువ వచ్చిన డిగ్రీలన్నీ కలిపితే 720 రావాల్సిందే. ఎందుకంటే అన్నీ కలిస్తే మొత్తం తొక్క. ఒక్కో మూల చుట్టూ 360 ఉంటుందని గుర్తుపెట్టుకుని కూడితే మూలలు, అంచులు, ముఖాల మధ్య ఆయిలర్ సూత్రం దానంతటదే వస్తుంది. 1794లో లెజాండ్ర్ ఇలాగే నిరూపించాడు. పాతకాలం ఫుట్‌బాల్ తీసుకోండి. 12 పంచభుజులు, 20 షడ్భుజులు, మొత్తం 32 ముఖాలు. మూలలు 60, అంచులు 90. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలపండి: 60 లోంచి 90 పోయి, 32 కలిస్తే 2.

ఆ 2 ఎక్కడిదంటే, 720లో 360 ఎన్నిసార్లు ఉందో అదే.