37వ పేజీ సుబ్బయ్య

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఫైనలియర్ విద్యార్థులకు నమస్కారం.

మీ కామర్స్ మేడమ్ ఫోన్ చేసి, "మా పిల్లల్లో చాలామందికి ఎంసీఏ చదవాలని ఉంది, కానీ డిగ్రీలో కంప్యూటర్స్ లేవని భయపడుతున్నారు, ఒకసారి వచ్చి మాట్లాడండి" అన్నారు. నాది ఇంటర్లో ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్), డిగ్రీలో బీకాం, అదీ తెలుగు మీడియం. 2006లో ఎంసీఏలో, అంటే కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీలో చేరాను. ఇప్పుడు ఆసుపత్రులకు, గోదాములకు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ తయారుచేసే పనిలో ఉన్నాను. మీకు ఉత్తినే ధైర్యం చెప్పి వెళ్లిపోవాలని రాలేదు. ఎక్కడ కష్టపడాల్సి వస్తుందో చెప్పాలి, మీ దగ్గర ఇప్పటికే ఏం ఉందో కూడా చూపించాలి. అందుకే ఈ పుస్తకం తెచ్చాను.

ఇది మా నాన్న ఎరువుల కొట్టు ఖాతా పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు నలిగిపోయాయి. ఈ పేజీ చూడండి: "సుబ్బయ్య, డీఏపీ 2 బస్తాలు, యూరియా 3 బస్తాలు." 52వ పేజీ తిప్పితే అక్కడా సుబ్బయ్యే. ఊరు ఒకటే, ఇంటిపేరు ఒకటే. మన ఇళ్లల్లో ఇది మామూలే కదా. అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు తాత పేరే పెట్టుకున్నారు. మొదట్లో నాన్న "కోటయ్య కొడుకు", "రామయ్య కొడుకు" అని పక్కన రాసుకునేవారు. ఒకసారి ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడి పెద్ద గొడవైంది. అప్పటినుంచి ఆయన పేరు వాడటం మానేసి "37వ పేజీ సుబ్బయ్య", "52వ పేజీ సుబ్బయ్య" అనడం మొదలుపెట్టారు.

ఎంసీఏలో డేటాబేస్ క్లాసులో ప్రైమరీ కీ చెప్పిన రోజు నా పక్కనున్న వాళ్లు నిర్వచనం రాసుకుంటున్నారు. నాకు మాత్రం 37వ పేజీ కళ్లముందు కనబడింది. మనిషి వివరాలు మారినా, పేరు కలిసినా, ఊరు వదిలి వెళ్లినా మారని గుర్తు ఒకటి ఉండాలి. దానికే వాళ్లు ఇంగ్లీషులో పేరు పెట్టారు. ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఐబీఎంలో పనిచేస్తూ 1970లో ఒక వ్యాసం రాశారు. సమాచారాన్ని పట్టికలుగా, వాటి మధ్య సంబంధాలుగా చూడాలన్నది అందులోని ఆలోచన. ఇవాళ మీ బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు లాంటివన్నీ చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. కాడ్ డిగ్రీలో చదివింది గణితం, రసాయనశాస్త్రం. ఆయన ఆలోచనకు పునాది సమితులు. మీరు స్కూల్లో చదివిన ఆ సమితులే.

ఇదే పుస్తకంలోంచి ఇంకో సంగతి. ల్యాబ్‌లో మాకు ఒక షాపుకు టేబుల్స్ గీయమన్నారు. ఒకే సమాచారం రెండుచోట్ల రాయకూడదన్నది నియమం, దాన్నే నార్మలైజేషన్ అంటారు. నా బ్యాచ్‌లో బీఎస్సీ కంప్యూటర్స్ అబ్బాయి చకచకా గీసేశాడు. బస్తా ధరను వస్తువుల టేబుల్లో ఒక్కచోటే పెట్టి, అమ్మకాల టేబుల్లోంచి తీసేశాడు. నేను అడిగాను: "జూన్‌లో డీఏపీ ధర పెరిగితే, ఫిబ్రవరిలో అప్పు తీసుకున్న సుబ్బయ్య బాకీ కూడా పెరుగుతుందా?" అతను కాసేపు ఆలోచించాడు. టేబుల్లో ధర మార్చగానే పాత బిల్లులన్నీ కొత్త ధరకు మారిపోతాయి. మా నాన్న ప్రతి వరుసలోనూ ఆనాటి ధర ఎందుకు రాసేవారో అప్పుడర్థమైంది. ఇవాళ్టి ధర వేరు, అమ్మిన రోజు ధర వేరు. రెండూ ఒకలాగే కనబడతాయి కానీ రెండు వేర్వేరు సమాచారాలు. ఆ అబ్బాయికి నా కంటే వందరెట్లు కంప్యూటర్ తెలుసు. కొట్టు మాత్రం తెలియదు. ఆ రోజు తర్వాత మేమిద్దరం కలిసి చదువుకోవడం మొదలుపెట్టాం. అతను నాకు కోడ్ నేర్పాడు, నేను అతనికి చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్) నేర్పాను.

ఇప్పుడు కష్టం సంగతి. మొదటి సెమిస్టర్ నాకు నరకంగా గడిచింది. ల్యాబ్‌లో సి భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సి నీలం తెర ముందు కూర్చుంటే చేతులకు చెమటలు పట్టేవి. ఒక అధ్యాపకుడు క్లాసులో అందరి ముందూ "కామర్స్ వాళ్లకు ఇది ఎక్కదు" అన్నారు. ఆ మాట ఏడాదిపాటు బుర్రలో తిరిగింది. మీలో ఎవరైనా రేపు పాఠం చెప్పే పనిలోకి వెళ్తే దయచేసి ఆ మాట ఎవరితోనూ అనకండి.

నన్ను గట్టెక్కించింది కూడా కామర్సే. ఒకటి నుంచి ఐదు వరకు కూడమని ప్రోగ్రామ్ రాశాను. జవాబు 15 రావాలి, 10 వస్తోంది. గంటసేపు తెరవైపు చూశాను, ఏమీ తోచలేదు. హాస్టల్‌కి వెళ్లి గీతల కాగితం తీసి, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కుదరనప్పుడు తేడా ఎక్కడుందో వెతికినట్టే గడులు గీశాను. ఒక గడిలో ఒక్కోటి పెరిగే అంకె 'ఐ', ఇంకో గడిలో మొత్తం. ఒక్కో అడుగూ చేత్తో రాశాను. ఒకటి, మొత్తం ఒకటి. రెండు, మొత్తం మూడు. మూడు, మొత్తం ఆరు. నాలుగు, మొత్తం పది. అక్కడితో ఆగిపోయింది, ఐదు రానేలేదు. "ఐదు కంటే తక్కువ ఉన్నంతవరకు" అని రాశాను, "తక్కువ లేదా సమానం" అని రాయాలి. దీన్ని డ్రై రన్ అంటారని తర్వాత తెలిసింది. అంకణాలో తేడా వస్తే అనామతు (సస్పెన్స్) ఖాతాలో పడేసి ముందుకు పోయే అలవాటు మనకుంది, ప్రోగ్రామింగ్‌లో మాత్రం అది పనికిరాదు. తేడా దొరికేదాకా కాగితం వదలకూడదు. మూడు నెలలు రోజూ ఇలా చేశాక భయం పోయింది. తెలివి పెరిగి కాదు, చెయ్యి అలవాటు పడింది.

నాకు మూడేళ్ల ఎంసీఏ కాబట్టి ఆ మూడు నెలలు దొరికాయి. మీకు అంత తీరిక లేదు, ఇది జాగ్రత్తగా వినండి. 2020-21 నుంచి ఎంసీఏ రెండేళ్ల కోర్సు. ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ గణితం చదివి ఉంటే బీకాం, బీఏ వాళ్లూ చేరొచ్చు. కంప్యూటర్స్ చదవని వాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టాలని నిబంధన ఉంది. ప్రవేశానికి రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. విశ్లేషణ, గణితం, ఇంగ్లీషే ఎక్కువ, ప్రోగ్రామ్ రాయమని అడగరు. అందుకే చాలామంది సులువుగా సీటు తెచ్చుకుని, కాలేజీలో అడుగుపెట్టాక బెంబేలెత్తిపోతారు. ఐసెట్ రాసిన రోజుకీ క్లాసులు మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న వారాలే మీ అసలు బ్రిడ్జి కోర్సు. పైథాన్ గానీ సి గానీ ఏదో ఒకటే పట్టుకోండి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. తర్వాత ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష. రెండు భాషలు సగం సగం వచ్చినదానికంటే ఒక్కటి గట్టిగా రావడం మేలు.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అమెరికాలో ఎంఎస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చాలాచోట్ల బిజినెస్ స్కూల్లోనే ఉంటుంది కాబట్టి మెకానికల్, సివిల్, కామర్స్ వాళ్లను కూడా తీసుకుంటారు. కానీ మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఏజెంటు చెప్పింది విని ఇల్లు తాకట్టు పెట్టకండి, యూనివర్సిటీ వాళ్లకే నేరుగా మెయిల్ రాసి అడగండి. "కోడింగ్ రాకపోయినా పర్లేదు, మూడు నెలల ట్రైనింగ్, ఎక్స్‌పీరియన్స్ మేం పెట్టిస్తాం" అనే బోర్డులు మీకు తెలుసు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించుకున్న వాళ్లు నా కళ్లముందే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రోజూ పట్టుబడతానేమోనన్న టెన్షన్‌తో బతకడం ఏ జీతానికీ తగిన పని కాదు.

అసలు ఈ చదువులో ఏముంటుందో తెలియాలంటే మీ ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చూడండి. పాత రోజుల్లో పొలం రిజిస్ట్రేషనైతే ఆ దస్తావేజును పెద్ద పెద్ద వాల్యూముల్లోకి చేత్తో నకలు రాసేవారు. ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం కావాలంటే ఏళ్లకేళ్ల ఇండెక్సు పుస్తకాలు తిరగేయాలి, రోజులకు రోజులు పట్టేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో 'కార్డ్' ప్రాజెక్టు కింద 200కు పైగా ఆఫీసుల్లో ఈ పనిని కంప్యూటర్లకెక్కించారు. కంప్యూటర్లు కొనడం అందులో సులువైన భాగం. ఏ కాగితం ఎవరి బల్ల మీదకు వెళ్తుంది, విలువ ఎవరు లెక్కగడతారు, సర్వే నంబరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాసి ఉంటే ఏం చేయాలి, ఇవన్నీ తేల్చాలి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో సగం చదువు ఇదే.

నా ఫైనలియర్ ప్రాజెక్టు ఒక నర్సింగ్ హోమ్‌లో ఓపీ రిజిస్ట్రేషన్. రోగికి గుర్తుగా ఫోన్ నంబరు పెట్టుకుందామన్నారు మా టీమ్ వాళ్లు. నేను మూడు ఉదయాలు కౌంటర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఒక పెద్దావిడ తన చీటీకి కొడుకు నంబరిచ్చింది. వెనకాలే కోడలు వచ్చి బిడ్డ చీటీకి అదే నంబరిచ్చింది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్. ఆ లెక్కన అత్తగారి బీపీ మాత్రలు పసిబిడ్డ పేరు కింద కనబడతాయి. ఆ సాయంత్రమే డిజైన్ మార్చి, ఒక్కో మనిషికి ఒక్కో ఓపీ నంబరు ఇచ్చాం. ఆ స్టూలు మీద కూర్చోవడానికి కంప్యూటర్ డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి. కూర్చున్నాక చూసింది టేబుల్‌గా గీయడానికి మాత్రం కోడ్ రావాలి. రెండూ కావాలి, అందుకే మీరు రెండేళ్లు చదవాలంటున్నాను.

నాకిచ్చిన టైమ్ అయిపోవచ్చింది. ఈ ఖాతా పుస్తకాన్ని ముందు బెంచీకి ఇస్తున్నాను, కాగితాలు పెళుసుగా ఉన్నాయి, మెల్లగా తిప్పండి. 37వ పేజీ, 52వ పేజీ చూసి, ఇద్దరు సుబ్బయ్యలూ కలిసిపోకుండా, ఫిబ్రవరి ధర జూన్‌లో మారకుండా, ఎన్ని టేబుల్స్ కావాలో, ఒక్కోదాంట్లో ఏ గడులుండాలో పక్కవాళ్లతో మాట్లాడుకోండి. బోర్డు ఖాళీగానే ఉంది. చాక్‌పీసు ఎవరు తీసుకుంటారు?