చింతపండుతో తోమిన పులి

హాయ్ అండి. ఆదివారం పొద్దున్న ఐదున్నర. అక్టోబర్ నెల కదా, బయట ఇంకా చీకటే, పైగా తుంపర. దుప్పటి ముసుగేసుకుని పడుకోవాల్సిన వేళ నేనూ, మావారూ, పిఠాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారూ కారెక్కి కార్ బూట్ సేల్‌కి వెళ్తున్నాం. ఇండియాలో చూస్తున్నవాళ్ళకి చెప్తాను. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక పెద్ద గడ్డి మైదానంలో జనం కార్లు వరసగా ఆపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామానంతా బల్లల మీద పరిచి అమ్ముతారు. మన సంతలాంటిదే. వంకాయలు, బెండకాయల బదులు పాత కప్పులు, కుట్టుమిషన్లు, బొమ్మలు ఉంటాయి. ఇంత పొద్దున్నే ఎందుకంటే, మంచి సరుకంతా టార్చిలైట్ పట్టుకొచ్చే వాళ్ళకే దొరుకుతుందట. మావారి మాట అది.

మావారికి బ్రిటిష్ ఆర్మీ మెడల్స్ పిచ్చి పట్టి మూడేళ్ళయింది. మెడల్స్, టోపీ బ్యాడ్జీలు, యూనిఫాంలు. అంటించింది మా కోవెంట్రీ ఇంటి పక్కనుండే పెద్దాయన. ఒకరోజు గోడ మీంచి ఈయన చేతిలో ఒక వెండి బిళ్ళ పెట్టి, "బొమ్మ కాదు, అంచు చూడు" అన్నారట. చూస్తే అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో ఒక సిపాయి నెంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంట్ అంటే అతని దళం పేరు. అంతే, ఆ రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటర్ ముందే కూర్చున్నారు.

నాకు మొదట్లో చిరాకే. తర్వాత నాకూ ఆ అంచులు చదవడం అలవాటైపోయింది, దాచడమెందుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో మామూలు సిపాయిలకి ఎక్కువగా వచ్చినవి రెండే: వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్, ఇంద్రధనస్సు రంగుల రిబ్బన్ ఉండే విక్టరీ మెడల్. 1914, 1915లలోనే యుద్ధరంగానికి వెళ్ళినవాళ్ళకి వీటితోపాటు ఒక కంచు స్టార్ కూడా ఇచ్చారు. ఈ మూడింటి సెట్టుకి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్. అప్పటి పేపర్లో వచ్చే బొమ్మల కథలో కుక్క, పెంగ్విన్, కుందేలు పేర్లట అవి. చావు తప్పించుకుని వచ్చినవాళ్ళ మెడల్స్‌కి పిల్లల బొమ్మల పేర్లు!

సెట్లు విడగొట్టి అమ్మేవాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళు మంట. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశానికి ఎగిరినప్పుడు ఎన్నో వార్ మెడల్స్‌ని కరిగించేశారట. అందుకే విక్టరీ మెడల్ ఒంటరిగా కనిపిస్తే, దాని జోడు ఏ స్పూన్ అయిపోయిందో అనుకుంటాను. మనిషి గురించి వెతుకుదామన్నా అన్నీ దొరకవు. 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద పడ్డ జర్మన్ బాంబులకి మొదటి యుద్ధపు సిపాయిల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి. మెడల్స్ ఎవరికి ఏవి ఇచ్చారో రాసిన కార్డులు మాత్రం మిగిలాయి. మావారు రాత్రిళ్ళు తిరగేసేవి అవే. మా ఇంట్లో ఉన్న మెడల్స్ మీది పేర్లు నేనిక్కడ చదవను. వాళ్ళ మనవలు ఎక్కడో ఉండే ఉంటారు కదండీ.

యూనిఫాంల విషయంలో మాత్రం మా ఇంట్లో ఒప్పందం ఉంది: నా చీరల బీరువాలోకి అవి రాకూడదు. ముతక ఉన్ని జాకెట్లు, పురుగు పట్టకుండా మందు ఉండలు వేయాలి, ఆ వాసన పట్టుచీరలకి అంటితే ఇంకేమన్నా ఉందా! లోపలి లేబుల్ మీద సైజు, ఏడాది, సర్కారు సరుకని చెప్పే బాణం గుర్తు చూసి మావారు మురిసిపోతారు. నాకు మాత్రం చలికాలంలో తడిసిన గొంగళి గుర్తొస్తుంది. వేసుకోవడం లేదు లెండి, చూసుకోవడమే.

సరే, సేల్‌కి వచ్చేశాం. అత్తయ్యగారు చీర మీద నా జాకెట్టు, దాని మీద శాలువా, తలకి మంకీ క్యాప్. మూడో వరసలో ఒక ముసలాయన బిస్కెట్ డబ్బా నిండా బ్యాడ్జీలు పెట్టుకుని కూర్చున్నాడు. మావారి కంటే ముందు చెయ్యి పెట్టింది అత్తయ్యగారే.

"ఒరేయ్, ఇదేంట్రా, బాంబు మీద పులి నిలబడింది?"

ఇదిగో చూడండి... ఫోకస్ అవ్వట్లేదు, ఆగండి. ఆ, ఇప్పుడు. ఇత్తడితో చేసిన గుండ్రటి గ్రెనేడ్, పైన మంటలు, గుండు మీద తెల్లలోహంలో పులి. మావారు వెంటనే వెనక్కి తిప్పారు. అసలుదైతే అచ్చు గుద్దినప్పుడు ముందు బొమ్మ వెనక గుంటగా కనిపించాలి. పోతపోసిన నకిలీ అయితే వెనకంతా ఇసక రాసినట్టు గరుగ్గా ఉంటుంది. పాత అచ్చులతోనే మళ్ళీ కొట్టినవీ ఉంటాయి, వాటిని పట్టుకోవాలంటే చాలా చూసి ఉండాలి. అంచులు మరీ పదునుగా ఉండి, కొత్తగా మెరిస్తే అనుమానించాలి. ఇది ముందువైపు బాగా అరిగిపోయి ఉంది. పులికి మీసాల జాడే లేదు. మావారి మొహం వెలిగిపోయింది. ముప్పై ఐదు పౌండ్లు. అత్తయ్యగారు లెక్కేసి "నాలుగు వేలా! ఇత్తడి ముక్కకి!" అని అక్కడే తెలుగులో బేరం మొదలెట్టారు. ఆ ముసలాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, పైసా తగ్గలేదు.

కారులో మావారు చెప్పిన కథ విన్నాక నేను కెమెరా ఆపలేకపోయాను. అది రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ బ్యాడ్జి. ఐర్లండ్ రెజిమెంటు. ఐర్లండ్‌లో పులి ఎక్కడిది? అది బెంగాల్ పులి. 1881లో ఈ పేరు పెట్టకముందు వాళ్ళు ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో పెట్టుకున్న తెల్ల సిపాయిల దళం. ప్లాసీలో క్లైవ్ వెంట ఉన్నది వాళ్ళే. ఆ మరుసటి ఏడు, 1758లో, క్లైవ్ వాళ్ళని కల్నల్ ఫోర్డ్ కింద ఓడలెక్కించి మన తీరానికి పంపాడు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళ మీదికి రమ్మని కబురు పెట్టాడు కదా, అందుకు. దాదాపు ఐదొందల మంది తెల్లవాళ్ళు, రెండు వేల మంది సిపాయిలు. డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించారు. 1759 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి మచిలీపట్నం కోట మీద పడి పట్టుకున్నారు. ఆ రెజిమెంటు జెండా మీది గెలుపుల జాబితాలో "కాండోర్", "మసూలిపటం" అని ఉంటుంది. కాండోర్ అంటే ఏ ఊరో అని తెల్లవాళ్ళు తల గోక్కుంటారు గానీ, మన చందుర్తే!

"చందుర్తా? గొల్లప్రోలు పక్కన చందుర్తేనా?" అన్నారు అత్తయ్యగారు. "అక్కడ మా పెద్దాడపడుచు వాళ్ళకి పొలం ఉండేదిరా. యుద్ధమంటే మాకు బొబ్బిలి యుద్ధమే తెలుసు, ఇది ఎవరూ చెప్పలేదే!"

బొబ్బిలి తర్వాత రెండేళ్ళు కూడా తిరక్కుండా జరిగిందది. మనకి బొబ్బిలి మీద బుర్రకథలున్నాయి, చందుర్తి మీద ఐర్లండ్ వాళ్ళ జెండాలో అక్షరాలున్నాయి. ఆ రెజిమెంటూ లేదిప్పుడు. 1922లో ఐర్లండ్ విడిపోయినప్పుడు రద్దు చేశారు, జెండాలు తీసుకెళ్ళి విండ్సర్ కోటలో రాజుగారికి అప్పగించారు.

ఇక అసలు ఘోరం సోమవారం జరిగింది. నేనూ మావారూ ఆఫీసులకి పోయాం. సాయంత్రం వచ్చేసరికి సింకు పక్కన గుడ్డ మీద పులి ధగధగా మెరుస్తోంది. అత్తయ్యగారు చింతపండు, ఉప్పు వేసి శుభ్రంగా తోమేశారు! "దీపారాధన కుందులు తోముతూ, పనిలో పనిగా దీన్నీ తోమేశాన్రా, ఎంత మురికి పట్టిందో" అన్నారు. పాతబడ్డ రంగే అసలుదనానికి సాక్ష్యం అని మూడేళ్ళుగా మాకు పాఠాలు చెప్తున్న మావారు కుర్చీలో కూలబడ్డారు. అమ్మని ఏమీ అనలేరు, నన్ను అనడానికి నేను ఇంట్లో లేను.

పక్కింటి పెద్దాయనకి చూపిస్తే పడీ పడీ నవ్వారు. సిపాయిలు చేసిందీ ఇదే కదా అన్నారు. పెరేడ్‌కి ముందు బ్యాడ్జిని తళతళలాడించకపోతే శిక్ష పడేది, పులి మీసాలు అరిగింది అందుకే. అయితే వెండి మెడల్స్ జోలికి మాత్రం వెళ్ళొద్దని చెప్పమన్నారు. చెప్పాం. ఇప్పుడవి తాళం వేసిన డ్రాయర్లో ఉన్నాయి.

ఆ రాత్రి అన్నాలయ్యాక అత్తయ్యగారు మెల్లగా అన్నారు: "మా బాబాయికీ ఒక బిళ్ళ ఉండేదమ్మాయ్. మద్రాస్ సాపర్స్‌లో, అదే సైన్యంలో రోడ్లూ వంతెనలూ వేసే దళంలో చేసి బర్మా వెళ్ళొచ్చాడు. నక్షత్రంలా ఉండేది, రిబ్బన్ మధ్యలో ఎర్రటి గీత."

మావారు ల్యాప్‌టాప్ మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ మీద బ్రిటన్ తన సిపాయిల పేర్లు చెక్కించలేదండీ, ఖాళీగానే ఇచ్చింది. ఇండియన్ ఆర్మీ వాళ్ళ వాటి మీద మాత్రం నెంబరు, పేరు ఉంటాయి. అత్తయ్యగారు చెప్పింది బర్మాలో పోరాడినవాళ్ళకి ఇచ్చిన బర్మా స్టార్. అంటే అది ఎక్కడున్నా, వెనక తాతగారి పేరు ఉండే ఉంటుంది.

"ఏమైందమ్మా అది?"

"ఏమవుతుంది, స్టీలు సామాన్ల వాడికి వేసేశాం. పాత ఇత్తడి చెంబులతో పాటు. ఒక గిన్నె ఇచ్చాడు."

అత్తయ్యగారు వెళ్ళి నెలయింది. మావారు ఇప్పుడు ఎక్కడ బర్మా స్టార్ కనిపించినా ముందు వెనక్కి తిప్పి చూస్తున్నారు. అన్నీ ఖాళీవే దొరుకుతున్నాయి. మొన్న ఫోన్లో వాళ్ళమ్మని ఈసారి వచ్చేటప్పుడు కనీసం ఆ గిన్నె అయినా తెమ్మన్నారు.

"అది తెచ్చేస్తే నేను చారు ఎందులో కాచుకోనురా?" అన్నారావిడ.