కుక్కతులసి, కుండీ కింద పళ్లెం

(ఆగస్టు 20, ప్రపంచ దోమల దినం నాడు సికింద్రాబాద్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం 'ఇంటి చుట్టూ దోమలను తరిమే మొక్కలు'. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నేను మొక్కల పక్షమే. అయితే నర్సరీవాళ్లు వాటి నెత్తిన పెట్టిన గొప్పలన్నీ నన్ను మోయమంటే మాత్రం మోయలేను.

మనం కూర్చున్న చోటికి బేగంపేట ఎంతో దూరం లేదు. అక్కడ 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శిని కింద దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. లార్వాల నుంచి తానే పెంచిన దోమలవి. వాటిచేత హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఆ రోగికి ఒక అణా ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు అణాలే మిగిలాయి.

అదే 1902లో రాస్ ఈజిప్టులోని ఇస్మాయిలియాకు వెళ్లాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఆ ఊరు మలేరియాతో మంచం పట్టి ఉంది. ఆయన అక్కడ ఏ మొక్కా నాటమనలేదు. నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తున్నాయో చూపించి, పూడ్చేవి పూడ్చమన్నాడు, పారించేవి పారించమన్నాడు. కొద్ది ఏళ్లలోనే ఆ ఊళ్లో మలేరియా కట్టడిలోకి వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే, బొంబాయిలో చాలాకాలం పనిచేసి వెళ్లిన జార్జ్ బర్డ్‌వుడ్ అనే దొర లండన్ 'టైమ్స్' పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. బొంబాయిలో విక్టోరియా గార్డెన్స్ వేసే రోజుల్లో పనివాళ్లను దోమలు పీక్కుతింటుంటే, అక్కడి హిందూ మేనేజర్ల సలహా మీద తోట సరిహద్దు పొడవునా తులసి నాటించారట. దోమలు తగ్గాయి, తోటమాలులకు జ్వరాలు పోయాయి అని ఆయన మాట. తులసి గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఈ కథ చెబుతుంటారు. కథ బాగుంది, కాదనను. కాని కొత్తగా తోట వేసేటప్పుడు ఎవరైనా ముందు చేసే పనేమిటి? నేల చదును చేస్తారు, గుంటలు పూడుస్తారు, వాన నీటికి దారి తీస్తారు. జ్వరాలు తగ్గింది తులసి వల్లనా, పూడ్చిన గుంటల వల్లనా? నా ఓటు గుంటలకే.

ఇదిగో, నా చేతిలో ఉన్నది తులసి రెమ్మ. ముందు వరసలోని అమ్మలు ఒకసారి అందుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన ఉందా లేదా అన్నట్టుగా ఉంటుంది. ఇప్పుడు ఒక ఆకు తుంచి రెండు వేళ్ల మధ్య నలపండి. ఘాటు ఒక్కసారిగా పైకి వచ్చింది కదా? ఆకు మీద మామూలు కంటికి ఆనని చిన్న చిన్న తిత్తులుంటాయి. నూనె అంతా వాటిలోనే భద్రంగా ఉంటుంది. ఆకు నలిగినా, వేడి తగిలినా అవి చిట్లి నూనె బయటపడుతుంది. ఆ నూనెను మొక్క దాచుకున్నది తనను నమిలే పురుగుల కోసం. దోమ ఆకు నమలదు కనుక దానికి మొక్కతో పేచీయే లేదు. పైగా ఆడదైనా మగదైనా దోమకు పూల తేనె కావాలి. రక్తం ఆడదోమకు, అదీ గుడ్ల కోసమే కావాలి. ఎండవేళ అది తలదాచుకునేది కూడా ఆకుల కింది చెమ్మలోనే. ఒత్తుగా పెరిగిన మిద్దె తోట దోమకు విడిది ఇల్లు అవుతుందని చెప్పడానికి నాకూ మనసొప్పదు, కాని నిజం.

నర్సరీల్లో 'మస్కిటో ప్లాంట్' అని అమ్మేది ఒక రకం జిరేనియం. ఆకు అంచులు జాలీలా కత్తిరించినట్టుంటాయి, నలిపితే నిమ్మవాసన వస్తుంది. 1990లలో దీన్ని ఫ్లోరిడాలోనూ, కెనడాలోనూ విడివిడిగా పరీక్షించారు. మొక్క పక్కన కూర్చున్నా, మొక్క లేకుండా కూర్చున్నా దోమలు ఒకే తీరున వచ్చాయి. కెనడాలో అయితే దోమలు ఆ మొక్క ఆకుల మీదే వాలి సేదతీరడం కళ్లారా చూశారు. ఆ మొక్కకు వందలు పోసి కొన్నవాళ్లు ఈ సభలో ఉంటే బాధపడకండి, వాసన బాగానే ఉంటుంది.

మరి కుండీలో మొక్క వల్ల లాభమే లేదా? ఉంది, కొంత. 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఆఫ్రికా మలేరియా దోమల మీద ఈ పరీక్ష చేశారు. మనిషి పడుకున్న గుడిసె దగ్గర కుండీల్లో బతికున్న మొక్కలు పెట్టి, వచ్చిన దోమలను లెక్కపెట్టారు. లంటానా అనే పొదమొక్కను పెట్టినప్పుడు దోమలు సుమారు మూడోవంతు తగ్గాయి. అన్నిటికంటే మెరుగ్గా, దాదాపు 40 శాతం తగ్గించినది కుక్కతులసి. అవును, మన పొలంగట్ల మీద ఎవరూ నీళ్లు పోయకపోయినా మొలిచే ఆ కుక్కతులసే. కోటలో కూర్చున్న తులసికి దక్కిన గౌరవం దీనికి ఏనాడూ దక్కలేదు. అయితే 40 శాతం తగ్గాయంటే 60 శాతం వచ్చాయనే కదా అర్థం. పైగా అది గుడిసెల్లో చేసిన పరీక్ష. గాలి ఆడే బాల్కనీలో అంత ఫలితాన్ని ఆశించకండి. డెంగీ రావడానికి ఒక్క దోమ చాలు.

కాబట్టి పెంచండి, కాని ఆకును వాడుకోవడానికి పెంచండి.

నిమ్మగడ్డి మీకు తెలిసిందే, టీలో వేసుకుంటాం. సిట్రొనెల్లా గడ్డి దానికి దాయాది. కాడ అడుగున ఎర్రటి చాయ ఉంటుంది, తాగడానికి పనికిరాదు. రెండింటిలో ఏదైనా ఆకు చీల్చి నలిపి చేతులకూ కాళ్లకూ రుద్దుకుంటే కాసేపు దోమ దూరంగా ఉంటుంది. గంట గడిచేసరికి వాసన ఎగిరిపోతుంది, మళ్లీ రుద్దుకోవాలి. ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది, చూసుకోండి.

నాకు బాగా ఇష్టమైనది వావిలి. బాలింత స్నానానికి నీళ్లలో వేసి మరిగించే ఆకు అంటే పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. దీనికి దగ్గరి చుట్టమైన ఒక మొక్క ఆకుల్లోంచి జపాన్ శాస్త్రవేత్తలు 1990లలో దోమను దూరంగా ఉంచే పదార్థాన్ని వేరుచేశారు. పల్లెల్లో సందెవేళ పశువుల కొట్టంలో పిడకల నిప్పు మీద పచ్చి వావిలాకో వేపాకో వేసేవారు. ఎండుటాకు భగ్గున మండిపోతుంది. పచ్చి ఆకు మండకుండా కాగుతుంది, తిత్తుల్లోని నూనె ఆవిరై పొగతోపాటు కొట్టమంతా పరుచుకుంటుంది. ఆ పొగను మూసిన ఫ్లాటులో వేయకండి. ఆవులకు గోడలు లేని కొట్టం ఉండేది, మీకు లేదు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆ ఊసే వద్దు.

పొగ సంగతి వచ్చింది కనుక ఒక మాట. దోమల చుట్ట కూడా మొదట పువ్వులోంచి వచ్చిందే. చామంతి కుటుంబంలోని పైరెత్రమ్ పూలను ఎండబెట్టి పొడి చేసి, జపాన్‌లో ఉయెయామా అనే వ్యాపారి అగరుబత్తిలాంటి పుల్లలు తయారుచేశాడు. అవి త్వరగా కాలిపోతుంటే చుట్టగా చుట్టమని సలహా ఇచ్చింది ఆయన భార్య యుకి. చుట్ట బజారుకు వచ్చింది 1902లో. రాస్ నోబెల్, ఇస్మాయిలియా, ఇప్పుడు ఇది. దోమలకు ఆ ఏడాది అచ్చిరాలేదు. మన బంతి, చామంతి ఆ పువ్వుకు బంధువులే అయినా ఆ మందు వీటిలో లేదు. బంతిని టమాటా పక్కన నాటడం మంచిదే. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను అదుపులో పెడతాయి. దోమల పని దానికి అప్పజెప్పకండి.

ఇప్పుడు అసలు సంగతి. మొక్కతోపాటు మీ ఇంటికి కుండీ వస్తుంది, కుండీ కింద పళ్లెం వస్తుంది. డెంగీని మోసే ఏడిస్ దోమకు మంచినీళ్లు కావాలి, కొంచెం చాలు. అది గుడ్లను నీళ్లలో వదలదు. నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు నల్లటి నలుసుల్లా అంటిస్తుంది. మీరు నీళ్లు పారబోస్తారు, గుడ్లు అక్కడే ఉంటాయి. నెలల తరబడి ఎండినా చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఆపైన వారం పది రోజుల్లో దోమ లేస్తుంది. అందుకే పళ్లెం వంచితే చాలదు, పీచు పెట్టి గోడలు రుద్దాలి. లేదా పళ్లెం నిండా ఇసుక పోయండి. తడి ఉంటుంది, నీరు నిలవదు.

మనీప్లాంటు సీసా, లక్కీ వెదురు గిన్నె కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. 2001లో చైనా నుంచి కాలిఫోర్నియాకు ఓడల్లో వచ్చిన లక్కీ వెదురుతోపాటు, దాని నీళ్లలో ఏడిస్ జాతికే చెందిన ఆసియా పులిదోమ కూడా దిగింది. అదృష్టం కోసం కొన్న మొక్క ఏం తెచ్చిందో చూడండి. తామర తొట్టి ఉన్నవాళ్లు అందులో గప్పీ చేపలు వదలండి, లార్వాలను అవే తినేస్తాయి. నిలిచిన నీళ్లు పారబోయడానికి శుక్రవారం డ్రై డే అన్నా, ఆదివారం పది గంటలకు పది నిమిషాలన్నా, లెక్క ఒక్కటే: వారం దాటితే దోమకు రెక్కలొస్తాయి. ఏడిస్ పుట్టినచోటికి దగ్గర్లోనే తిరుగుతుంది కనుక, మిమ్మల్ని కుట్టింది మీ పళ్లెంలోదో, పక్కింటివారి పళ్లెంలోదో అయి ఉంటుంది. పక్కింటివారిని అనే ముందు మన మేడ ఒకసారి ఎక్కి చూడాలి.

చిన్న హెచ్చరిక. నిమ్మవాసన వచ్చే యూకలిప్టస్ నుంచి తీసి శుద్ధిచేసిన మందు ఒంటికి బాగానే పనిచేస్తుంది. అమెరికా ఆరోగ్యశాఖ కూడా దాన్ని సిఫారసు చేస్తుంది, మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం వద్దంటుంది. అంతమాత్రాన మన తోటల్లోని జామాయిల్ ఆకు నూరి పిల్లలకు పూయకండి. మన దగ్గర ఎక్కువగా వేసేది ఆ జాతి కాదు.

బయట బల్ల మీద కుక్కతులసి నారు, వావిలి కొమ్మలు పెట్టించాను. ఇంటికి రెండేసి తీసుకెళ్లండి. కుక్కతులసి కుండీలో బతుకుతుంది, గింజ రాలితే మళ్లీ దానంతటదే మొలుస్తుంది. వావిలి కొమ్మను మాత్రం నేలలో, కాంపౌండు గోడ పక్కన గుచ్చండి. అది చెట్టంత అవుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.