ఎరువు కన్నా ముందు విత్తన దుంప

నిర్వాహకురాలు: నమస్కారం. బంగాళాదుంప సాగుపై సలహాలివ్వడానికి శాస్త్రవేత్త మనతో ఉన్నారు. లైనులో ఉన్న రైతు అడగండి.

రైతు: నమస్కారమండీ. ఆకు పచ్చగా ఉండగానే మొక్క వాడిపోతోంది. నీరు పెట్టినా తేరుకోవడం లేదు. ఎరువు పెంచమంటారా?

శాస్త్రవేత్త: ఎరువు సంగతి తరువాత. దుంప కోసి చూశారా?

రైతు: చూశాను. లోపల గోధుమ రంగు వలయం ఉంది. నొక్కితే తెల్లని జిగురు వస్తోంది.

శాస్త్రవేత్త: బాక్టీరియా వాడు తెగులు అనిపిస్తోంది. వాడిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన కొన గాజు గ్లాసులోని నీటిని తాకేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో ఆ జిగురు పాల దారాల్లా కిందికి జారితే దాదాపు ఖాయం.

రైతు: ఏ మందు కొట్టాలి?

శాస్త్రవేత్త: సోకిన మొక్కను బతికించే మందు లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. విత్తనం ఎక్కడిది?

రైతు: మాదే. పెద్ద దుంపలు అమ్మి, చిన్నవి విత్తనానికి ఉంచుకుంటాం.

శాస్త్రవేత్త: చిక్కంతా అక్కడే ఉంది. తెగులు పట్టిన మొక్కకు తరచూ చిన్న దుంపలే ఊరతాయి. ఏటా వాటినే ఏరి నాటుతున్నారు! పైకి నున్నగా కనిపించినా లోపల తెగులు దాగి ఉండవచ్చు. ఈ పొలం దుంప ఒక్కటీ విత్తనానికి వద్దు, ధ్రువీకరించిన విత్తనం తెచ్చుకోండి. 30 నుంచి 50 గ్రాముల దుంపలను కోయకుండా నాటండి. కోస్తే కత్తే తెగులును మోసుకెళ్తుంది.

రైతు: వచ్చే పంటకు అక్కడ టమాటా వేద్దామనుకున్నాను.

శాస్త్రవేత్త: వద్దండీ. టమాటా, వంగ, మిరప అన్నిటికీ ఇదే తెగులు వస్తుంది. మూడు నాలుగేళ్లు మొక్కజొన్న, ఇతర ధాన్యాలు, ఉల్లి వంటివి మార్చి మార్చి వేయండి. తవ్వగా మిగిలిన దుంపలు ఆ పంటల్లో మొలుస్తాయి. వాటిని పీకకపోతే పంట మార్పిడి చేసీ లాభం లేదు.

నిర్వాహకురాలు: మరి ఎరువు?

శాస్త్రవేత్త: భూసార పరీక్ష చేయించి వేయండి. నత్రజని మితిమీరితే ఆకు గుబురుగా పెరిగి, దుంప ఊరడం ఆలస్యమవుతుంది. పశువుల ఎరువు బాగా చివికినదే కావాలి. పచ్చి ఎరువుతో దుంపపై గజ్జి మచ్చలు పెరుగుతాయి.

రైతు: పక్క మడి ఇంకా బాగానే ఉందండీ.

శాస్త్రవేత్త: అయితే రోజూ ముందు ఆ మడిలో పని ముగించాకే వాడిన మడిలోకి దిగండి. ఇక్కడి నీరు అటు పారనివ్వకండి. పార, చెప్పులు కడగండి. వాడిన మొక్కలను దుంపలతో సహా తవ్వి లోతుగా పూడ్చండి, కంపోస్టు గుంతలో మాత్రం వేయకండి.