గ్వాటెమాలాలో పొయ్యి కట్టాం, పొగంతా ఇంట్లోకే వచ్చింది

హాయ్ అండి, అందరూ బావున్నారా? పోయిన వారం వీడియో ఏదని చాలామంది అడిగారు. మా చర్చి నుంచి పన్నెండు మందిమి మిషన్ ట్రిప్‌కి, అంటే సేవాపనికి, మధ్య అమెరికాలోని గ్వాటెమాలా వెళ్ళొచ్చాం. ఎనిమిది రోజులు. రెండుసార్లు ఉతికినా బట్టల్లో పొగ వాసన ఇంకా పోలేదు. ఆ పొగ కథే ఇవాళ.

ముందే చెప్తున్నా, ఈ వీడియోలో పిల్లల మొహాలు కనిపించవు. చేతులు, ఇటుకలు, పొయ్యి, అంతే. అక్కడి కొండ పల్లెల్లో బయటివాళ్ళు పిల్లల్ని ఫొటో తీస్తే తల్లులకు హడల్. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. అదీకాక, ముక్కు కారుతున్న పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని నేను నవ్వుతూ తంబ్‌నెయిల్‌కి పోజివ్వడం ఏం బావుంటుంది? మొదటిరోజు అలాంటిది ఒకటి తీశాను లెండి. రాత్రి పడుకునేముందు డిలీట్ చేశాను.

గ్వాటెమాలా సిటీలో దిగి, వ్యాన్‌లో చిమాల్తెనాంగో దాటి ఇంకా పైకి వెళ్ళాం. దారిపొడుగునా రంగురంగుల బస్సులు. ఒకప్పుడు అమెరికాలో పిల్లల్ని స్కూళ్ళకు మోసిన పసుపు బస్సులే అవి, ఇక్కడికొచ్చి పెళ్ళికూతుళ్ళలా ముస్తాబయ్యాయి. ఈ ప్రాంతం 1976 ఫిబ్రవరి 4 తెల్లవారుజామున భూకంపంలో నేలమట్టమైంది. దేశం మొత్తం మీద సుమారు 23,000 మంది పోయారు. అప్పుడు ఇళ్ళు కట్టడానికి అమెరికా చర్చిలు బాగా వచ్చాయి. అంటే ఒకే రంగు టీషర్టులేసుకుని దిగే మాలాంటివాళ్ళు వీళ్ళకి కొత్తేం కాదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు స్పానిష్‌లో మొదలుపెట్టి, వాక్యం దగ్గరకొచ్చేసరికి కక్చికేల్‌లోకి మారారు. అక్కడి మూలవాసులైన మాయా జనం మాట్లాడే భాషల్లో అదొకటి. 1917లో కామెరాన్ టౌన్‌సెండ్ అనే కుర్రాడు స్పానిష్ బైబిళ్ళు అమ్ముకోవడానికి ఇక్కడికి వచ్చి, కొండల్లో చాలామందికి స్పానిషే రాదని గ్రహించి, కక్చికేల్ నేర్చుకుని కొత్త నిబంధన అనువాదానికి కూర్చున్నాడు. దాదాపు పదేళ్ళు పట్టింది. నేను వారం రోజుల్లో నేర్చుకున్నది ఒక్క ముక్క: 'మత్యోష్', థాంక్స్ అని.

సోమవారం నుంచి పని: ఇళ్ళల్లో పాత పొయ్యిల బదులు పొగగొట్టం ఉన్నవి కట్టడం. వెళ్ళిన ఇంట్లో నేల మీద మూడు రాళ్ళ పొయ్యి, గదికి కిటికీ లేదు, పైన రేకులు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. మా జట్టుకి వచ్చిన ఇంట్లో ఒక బామ్మగారు, కోడలు, నలుగురు పిల్లలు. ఆరేళ్ళుంటాయనుకుని ఒక పాపని చంకనెత్తుకున్నాను. తొమ్మిదేళ్ళట. 2014-15 సర్వేలో ఈ దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 46.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని వెళ్ళేముందే చదివాను. చదివినప్పుడు అయ్యో అనుకున్నా. ఆ పాప బరువు మాత్రం నా చేతికి ఇంకా గుర్తుంది.

పొగగొట్టం ఉన్న పొయ్యి పెడితే ఏమవుతుందో ఇదే దేశంలో, సాన్ మార్కోస్ కొండల్లో పరీక్షించి చూశారు. ఫలితాలు 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పసిపిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా కేసుల్లో సుమారు మూడో వంతు తగ్గాయి. మామూలు న్యుమోనియాలో మాత్రం అంత తేడా కనపడలేదు. అద్భుతాలేం జరగవు, కానీ తక్కువేం కాదు.

ఇంట్లో గోడకి మరియమ్మ పటం, కింద కొవ్వొత్తి. మా టీంలో ఒకాయన పాస్టరుగారిని పక్కకి పిలిచి, "వీళ్ళు కాథలిక్కులు కదా, మన ఆరాధనకి వస్తారా?" అనడిగాడు. పొయ్యిలు కట్టే ఇళ్ళ లిస్టు రాసింది చంటిపిల్లలున్న ఇళ్ళని బట్టి, ఏ గుడికి వెళ్తారని కాదు అన్నారాయన. నాకు వెంటనే క్లౌ దొర గుర్తొచ్చాడు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీగా ఉండి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ప్రశ్న అడిగినాయనకి ఈ కథ చెప్దామనుకున్నా. ధైర్యం చాల్లేదు.

ఇక్కడా కూలి సంగతి నాకు నచ్చింది. అసలు పని చేసేది ఊరి మేస్త్రీ, ఆయనకి రోజు కూలి ఇస్తారు. ఇసుక, నీళ్ళు ఇంటివాళ్ళవి. మేం దిమ్మలు మోస్తాం, సిమెంటు కలుపుతాం, ఆయన చెయ్యి చాపితే ఇటుక అందిస్తాం. నా ఒక్కదాని టికెట్ డబ్బులు పంపేస్తే ఎన్ని పొయ్యిలయ్యేవో అని మా లీడర్‌ని అడిగాను కూడా. "వచ్చి చూసినవాళ్ళే ఏటా ఇస్తున్నారమ్మా" అన్నారు. సగమే ఒప్పుకున్నా.

శుక్రవారం చిన్న మంట వేసి చూడాలి. అందరం చుట్టూ నిలబడ్డాం, కోడలు పుల్ల వెలిగించింది. పొగ గొట్టంలోకి పోలేదు. నాలుగు వైపుల నుంచీ తన్నుకొచ్చింది. దగ్గుకుంటూ అందరం బయటపడ్డాం, బామ్మగారు మాత్రం లోపలే నిలబడి నవ్వుతున్నారు! మేస్త్రీ గొట్టం ఊడదీసి చెయ్యి పెట్టి లాగితే ఏమొచ్చిందనుకున్నారు? మా టీం టీషర్టు. సిమెంటు లోపల పడకుండా బుధవారం కుక్కింది నేనే. తీయడం మర్చిపోయాను. టీషర్టు చెయ్యి ఒకటి కాలి, దాని మీద అక్షరాలు సగమే మిగిలాయి.

మళ్ళీ వెలిగించారు. ఈసారి పొగ రేకుల పైకి పోయింది. బామ్మగారు ఆ టీషర్టుని ఉతికి, చింపి, సున్నపు నీళ్ళలో ముంచి కొత్త ఇనుప పెనం తుడిచారు. రొట్టెలు అంటుకోకుండా అక్కడ అలాగే చేస్తారు. మొదటి మొక్కజొన్న రొట్టె నాకే ఇచ్చారు. 'మత్యోష్' అన్నాను. నేను పలికిన తీరుకి పిల్లలు పడీపడీ నవ్వారు.