నెక్ చూశారా?

శ్రోతలకు నమస్కారం.

మీరు ఇప్పుడు ఈ మాటలు వింటున్న రేడియో ఎంత ఉంటుంది? వంటింటి అలమరలో పెట్టుకునేంత. దాని స్పీకరు మహా అయితే నాలుగు వేళ్ల వెడల్పు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను మీటితే అది సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరాన్ని ఆ చిన్న స్పీకరు బయటికి పంపలేదు. అయినా పాట వస్తున్నప్పుడు బేస్ మీకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ స్వరంతో పాటు పుట్టే పైస్వరాలు, అంటే సెకనుకు 82 సార్లు, 123 సార్లు ఊగేవి, ఇలాంటివి చెవిలో పడగానే కింది స్వరాన్ని మన మెదడే కట్టుకుంటుంది. స్పీకరు పలకని స్వరాన్ని మనిషి వింటాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేను ఆ స్వరం వాయించేవాణ్ని. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, క్రిస్మస్ ప్రోగ్రామ్‌లు, కాలేజీ ఫంక్షన్లు. ఇన్నేళ్లలో నా చేతికి నాలుగు బేస్ గిటార్లు వచ్చాయి. నాలుగూ సెకండ్ హ్యాండే. ఒక్కటీ కొత్తది కొనలేదు, కొనాలనీ అనిపించలేదు. పాత బేస్ గిటార్ కొనేటప్పుడు ఏం చూడాలో ఈ పూట చెప్తాను. చాలా చూడాలి కానీ నేను ఒక్కటే చెప్తాను. నెక్ చూడాలి. నెక్ అంటే తీగల కింద ఉండే పొడవాటి చెక్క, ఎడమ చేతి వేళ్లు ఆనే భాగం.

1998లో సంగతి. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మాస్టారు బేస్ అమ్ముతున్నారని మా మ్యూజిక్ పార్టీలో కీబోర్డు వాయించే అన్న చెప్పాడు. ఆ మాస్టారు ఆర్కెస్ట్రాల్లో పాతికేళ్లు వాయించారు. వేళ్లు వణకడం మొదలైంది, ఇక చాలనుకున్నారు. నా జేబులో ఆరు వేలున్నాయి. మూడు సీజన్ల ప్రోగ్రామ్‌ల డబ్బులు.

మాస్టారు పాత దుప్పట్లో చుట్టిన గిటార్ తెచ్చి మంచం మీద పెట్టారు. జపాన్‌లో చేసినది, అమెరికా ఫెండర్ కంపెనీ వాళ్ల ప్రెసిషన్ బేస్‌కి కాపీ. అంచుల్లో నలుపు, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు. బొటనవేలు ఆనే చోట పాలిష్ పోయి చెక్క కనిపిస్తోంది. గీతలు లెక్కపెట్టాను. యాంప్‌కి, అంటే సౌండ్ పెంచే పెట్టెకి పెట్టి నాలుగు తీగలూ మీటాను. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. డబ్బులు తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"బాబూ, రంగు చూశావు, సౌండ్ చూశావు. నెక్ చూశావా?"

నెక్‌లో చూడ్డానికి ఏముంటుందో నాకు తెలియదు. చెక్కేగా అనుకున్నాను.

ఆయన గిటార్‌ని వాయించేటట్టే ఒళ్లో పెట్టుకున్నారు. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల్ని ఫ్రెట్లంటారు. లావు తీగను ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కారు. కుడి చేత్తో, నెక్ వచ్చి బాడీలో కలిసే చోట నొక్కారు. "ఇప్పుడు తీగే మనకి స్కేలు బద్ద. తీగ తిన్నగా ఉంటుంది, దాని కింద చెక్క ఎలా ఉందో చూడు" అన్నారు. గోడకున్న సంచీలోంచి విజిటింగ్ కార్డులు తీయమన్నారు. "ఏడో ఫ్రెట్, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందులోకి కార్డు తొయ్యి. ఒక్క కార్డు తీగని కదపకుండా పడితే నెక్ బాగున్నట్టు. అసలు సందే లేకపోతే మరీ తిన్నగా ఉన్నట్టు, తీగ ఫ్రెట్లకు కొట్టుకుని గరగరమంటుంది. రెండు దూరాయంటే వంగినట్టు."

తోశాను. రెండు దూరాయి.

ఆయన ముఖం చిన్నబుచ్చుకోలేదు. "మూడు నెలలుగా దుప్పట్లోనే ఉంది కదా, ఎండాకాలం" అన్నారు. నాలుగు తీగలు కలిసి ఆ చెక్కను దాదాపు 75 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక మనిషి బరువు. రాత్రీ పగలూ, వాయించినా వాయించకపోయినా ఆ లాగుడు ఆగదు. దాన్ని కాచుకోడానికే నెక్ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. గిటార్ తల దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత తీసి, ఆయన అలెన్ కీ, అంటే ఆరు పలకల బిగింపు కడ్డీ, లోపల పెట్టారు. తీగల్ని కొంచెం వదులు చేశారు. కీని కుడివైపుకి, గడియారం ముల్లు తిరిగే వైపుకి, పావు చుట్టు తిప్పారు. పావు చుట్టే. "తొందరపడి అర చుట్టు తిప్పకు. చెక్క కదలడానికి టైం పడుతుంది" అన్నారు. మళ్లీ శ్రుతి చేశారు. ఈలోగా లోపల్నించి అమ్మగారు మజ్జిగ పంపారు. తాగి మళ్లీ కార్డు పెట్టాం. ఒకటి పట్టింది. రెండోది పట్టలేదు.

ఆ రోజు ఆ పావు చుట్టు చూడకపోయి ఉంటే నేను ఇంకో పదేళ్లు కళ్లు మూసుకునే కొంటూ ఉండేవాణ్ని.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు. "జాక్, అదే కేబుల్ గుచ్చే చోటు, వదులుగా ఉంది. నీకు ఖర్చవుతుంది, ఐదొందలు తగ్గించి ఇవ్వు." నేను అడగలేదు. యాంప్‌కి పెట్టినప్పుడు చప్పుడు కూడా రాలేదు, చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఐదున్నర వేలు అనుకున్నది ఐదు వేలకి ఇచ్చారు.

ఆ జాక్‌ని నేను వెంటనే చేయించుకోలేదు. అది నా తప్పు. ఆ ఏడాది వినాయక చవితికి గన్నవరం దగ్గర ఒక ఊళ్లో ప్రోగ్రామ్. డాన్స్ పాట మంచి ఊపులో ఉండగా బేస్ ఒక్కసారిగా ఆగిపోయింది. డ్రమ్స్ వస్తోంది, కీబోర్డు వస్తోంది, గాయకుడు పాడుతున్నాడు, అయినా పాట తేలిపోయింది. ముందు వరసలో ఎగురుతున్న కుర్రాళ్లు నెమ్మదించారు. ఏం పోయిందో వాళ్లకి తెలియదు, కాళ్లకి తెలిసిపోయింది. మర్నాడే సోల్డరింగ్ చేయించాను. అప్పట్నించి ప్రోగ్రామ్‌కి వెళ్తే సంచీలో రెండో కేబుల్ ఉండాల్సిందే.

ఈ వాయిద్యం పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే దానికీ నెక్‌కీ సంబంధం ఉంది. 1951లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అప్పటిదాకా బేస్ అంటే మనిషి కన్నా ఎత్తున్న చెక్క వాయిద్యం. బస్సులో ఎక్కదు, కారులో పట్టదు. ఫెండర్ దాన్ని భుజానికి తగిలించుకునేలా చేశాడు, ఫ్రెట్లు పెట్టాడు, నెక్‌ని జిగురుతో అంటించకుండా నాలుగు స్క్రూలతో బాడీకి బిగించాడు. అందువల్ల నెక్ పాడైతే విప్పి వేరేది వేసుకోవచ్చు. పాత బేస్‌లు ఇంకా చేతులు మారుతున్నాయంటే ఆ నాలుగు స్క్రూల చలవ ఎంతో ఉంది.

ఆ స్క్రూల విలువ నాకు డబ్బులు పోయాక తెలిసింది. 2011లో ఆన్‌లైన్‌లో ఫోటో చూసి పద్నాలుగు వేలకి హైదరాబాదు నుంచి ఒక బేస్ తెప్పించుకున్నాను. ఫోటోల్లో తళతళలాడింది. అన్నీ ఎదురుగా నిలబడి తీసిన ఫోటోలే. వచ్చాక లావు తీగ కింద కార్డు పెడితే ఒకటే పట్టింది. సన్న తీగ కింద పెడితే మూడు పట్టాయి. నెక్ మెలి తిరిగిపోయింది, తడిగుడ్డ పిండినట్టు. వంగిన నెక్‌ని ట్రస్ రాడ్ సరిచేస్తుంది, మెలి తిరిగిన నెక్‌ని సరిచెయ్యలేదు. చివరికి వేరే నెక్ కొని వేయించాను. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు.

కాబట్టి కార్డు రెండు చోట్ల పెట్టాలి. లావు తీగ కింద ఒకసారి, సన్న తీగ కింద ఒకసారి. తరవాత గిటార్‌ని తుపాకీ గురి చూసినట్టు కంటి దగ్గర పెట్టుకుని, తల వైపు నుంచి నెక్ రెండు అంచుల వెంట చూడాలి. రెండు అంచులూ ఒకేలా సాగాలి. చివరిగా, అమ్మేవాళ్ల అనుమతితో, వాళ్ల ఎదురుగానే ట్రస్ రాడ్‌ని కొంచెం కదిపి చూడాలి. తిరగడానికి ఇంకా జాగా ఉందా, ఆఖరి దాకా బిగించేశారా అన్నది తెలియాలి. ఆఖరి దాకా బిగించి ఉంటే వచ్చే ఎండాకాలానికి మీ చేతిలో ఏ ఉపాయమూ ఉండదు. వాళ్లు కదపనివ్వకపోతే లేచి వచ్చేయండి. మొహమాటం వద్దు.

పాత తీగలు చూసి మాత్రం భయపడకండి. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్, బేస్ వాయించేవాళ్లందరికీ గురువులాంటివాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. మాస్టారు కూడా అంతే. తీగలు పాతబడితే స్వరం గుండ్రంగా వస్తుందనేవారు. నాకూ అదే ఇష్టం, కానీ కుర్రాళ్లకి గలగలమనే కొత్త తీగలు ఇష్టం. అది ఎవరి చెవి వాళ్లది. తీగల్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

సీరియల్ నంబరు ఉంటే రాసుకోండి, ఫోటో తీసుకోండి, అమ్మినవారి చేత చిన్న కాగితం మీద సంతకం పెట్టించుకోండి. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్‌ని 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి ఎత్తుకుపోయారు. తిరిగి ఆయన చేతికి వచ్చేసరికి యాభై ఏళ్లు దాటింది. ఒక ఇంటి అటక మీద దొరికింది. కొనేవాడికి అది ఎక్కడిదో తెలియాలి. మీరు ఇచ్చే డబ్బుకి ఇంకొకరి కన్నీళ్లు అంటుకుని ఉండకూడదు.

పోయిన నెలలో నా మూడో బేస్ అమ్మకానికి పెట్టాను. తెనాలి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, చర్చిలో వాయిస్తాడట. బ్యాటరీతో నడిచే రకం అది. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ అయిపోతూనే ఉంటుందని, వాయించడం అవగానే పీకెయ్యమని చెప్పాను. పన్నెండో ఫ్రెట్ కొంచెం అరిగిందని చెప్పి వెయ్యి తగ్గించాను. అబ్బాయి రంగు చూశాడు, సౌండ్ చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగు నాన్నా" అన్నాను. బల్ల మీదున్న విజిటింగ్ కార్డులు తీసి అతని చేతికిచ్చాను. లావు తీగని రెండు చోట్ల నేను నొక్కి పట్టుకున్నాను. అతను కార్డు తోశాడు. ఒకటి పట్టింది. రెండోది తోస్తే తీగ పైకి లేచింది. సన్న తీగ దగ్గరా అంతే.

వెళ్లేటప్పుడు కవరు జిప్పు తీసి, ముందు అరలో అలెన్ కీ పెట్టి ఇచ్చాను. 1998లో మాస్టారు నాకు గిటార్‌తో పాటు ఇచ్చిన కీ. సైజు అదే.