గుడారం ఎక్కడ వేయాలి?

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి దాటేసరికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతంలో ఆకాశం తేటపడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి వెనుదిరిగి ఉంటాయి, ఎండలు ఇంకా ముదరవు. కొందరు మిత్రులు కలిసి, కరెంటు దీపం కనపడని చోట గుడారం వేసుకొని ఒక రాత్రి గడపాలనుకుంటే ఇంతకంటే అనువైన కాలం లేదు. యువతలో ఈ కోరిక పెరుగుతున్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. అయితే గుడారం సంగతి అంగడిలో తేలిపోతుంది కానీ, చోటు సంగతి మాత్రం నేల మీద నిలబడి తేల్చుకోవలసిందే. ఈ ప్రసంగం ఆ చోటు గురించే.

ముందుగా అనుమతి మాట. పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి గానీ, నల్లమల పులుల అభయారణ్యంలోకి గానీ అనుమతి లేకుండా వెళ్ళడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రాపూరు, ఉదయగిరి, వెంకటగిరి వైపు అడవుల్లో ఎర్రచందనం ఉంది కనుక, రాత్రివేళ టార్చిలైటు వెలుగు కనిపిస్తే అటవీ సిబ్బంది అనుమానించడం సహజం, అది వారి బాధ్యత కూడా. కాబట్టి అడవి లోపల కాకుండా, కొండకు ఆనుకొని ఉన్న పట్టా బీడునో, తోటనో చూసుకొని, రైతును అడిగి, ఆయన సరేనన్న తరువాతే దిగడం మర్యాద. అలాంటి చోట కూడా ఏకాంతానికి లోటుండదు.

ఇక అసలు విషయం. చోటు ఎంచుకోవడం నేర్చుకోవాలంటే మన గొర్రెల కాపరుల దగ్గర నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం. నెల్లూరు గొర్రెలకు, అంటే జోడిపి, పల్ల, దొర రకాలకు, దేశమంతటా పేరుంది. వాటిని మేపుకుంటూ వెలిగొండల పాదాల వెంట తిరిగే కాపరి ఏ పూటకా పూట కొత్త చోట మంద నిలపాలి. తప్పు చోట నిలిపితే పోయేది అతని జీవనాధారమే.

ఉదయగిరి వైపు ఒక పెద్దాయన మంద నిలిపే తీరును దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది. పొద్దు ఇంకా బారెడు ఉండగానే ఆయన మేత ఆపించి, మందను ఒక వాగు దాటించాడు. వాగులో చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక పరుపు పరిచినట్లు మెత్తగా ఉంది. ఇక్కడే పడుకోవచ్చు కదా పెద్దాయనా అని నేను అడిగాను. ఆయన చేతికర్ర ఎత్తి ఒడ్డున ఉన్న కానుగ చెట్టు కొమ్మల్లోకి చూపించాడు. నా తలకంటే ఎత్తున, కొమ్మల సందుల్లో ఎండు గడ్డి, పుల్లలు, ఒక చిరిగిన ఎరువుల సంచి ముక్క చిక్కుకొని ఉన్నాయి. "నీళ్ళు ఆడిదాకా వచ్చిపొయ్యినాయి నాయనా, ఏట్లో పక్క వేసుకోబాకండి" అన్నాడు.

తరువాత ఆయన ఒడ్డెక్కి, ఆ చెత్త ఉన్న ఎత్తుకంటే బాగా పైన, కాస్త వాలుగా ఉన్న గులకరాళ్ళ మిట్ట చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. పుట్ట ఉన్న వైపు వదిలేశాడు. ఎండుకొమ్మ వేలాడుతున్న తుమ్మచెట్టు కింద నుంచి పక్కకు జరిగాడు. నీటిగుంట దగ్గరలోనే ఉన్నా మందను అక్కడికి చేర్చలేదు, ఎందుకంటే ఎలుగుబంట్లు, పందులు రాత్రి దాహానికి వచ్చేది ఆ గుంటకే. గొంగడి పరిచే ముందు కర్రతో నేలంతా తట్టి, రాళ్ళు దొర్లించి, తేళ్ళు లేవని చూసుకున్నాడు. ఇదంతా చీకటి పడకముందే, ఏ తొందరా లేకుండా ముగించాడు.

ఆ కానుగ కొమ్మల్లోని చెత్తను నేను మరచిపోలేదు, మీరు కూడా మరచిపోవద్దని కోరుతున్నాను. కొండరాతి మీద పడిన వాన ఇంకిపోదు. అది నేరుగా వాగులోకి దిగుతుంది, కాబట్టి ఎగువన ఎక్కడో వాన కురిస్తే, మన నెత్తిన మబ్బు లేకపోయినా, మన ఇసుక మీదికి నీరు వస్తుంది. ఎగువ వాన దిగువకు ఎంత బలంగా చేరుతుందో 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసుకుపోయినప్పుడు మనమంతా చూశాం. పైగా మనవాళ్ళకు వనభోజనాల మీద, వాగు ఒడ్డు మీద మనసు పోయేది కార్తీకంలోనే, ఈశాన్య వానలు జోరుగా ఉండేదీ ఆ నెలల్లోనే. భైరవకోనలో కార్తీక పౌర్ణమి వెన్నెల చూడాలని వెళ్ళేవారు తప్పక వెళ్ళండి, కానీ పక్క మాత్రం జలపాతం దిగువన రాళ్ళ మధ్య వేయకండి.

అందుచేత సాయంత్రం నాలుగు గంటలకే చోటికి చేరండి. వాగు ఒడ్డు వెంట కొంతదూరం నడిచి, కొమ్మల్లో, కంపల్లో చిక్కిన చెత్త ఎంత ఎత్తున ఉందో చూడండి. బండల మీద ఎండిన ఒండ్రు చార కనిపిస్తుందేమో చూడండి. ఆ రెండింటిలో ఏది ఎత్తున ఉంటే దానికంటే బాగా పైకి వెళ్ళి గుడారం వేయండి. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము కనుక, గుడారం జిప్పు రాత్రంతా మూసే ఉంచండి, తెల్లవారి బూట్లు దులిపి వేసుకోండి. ఫోను సిగ్నలు అందని చోటైతే, మీరు ఎక్కడ పడుకుంటున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో దారిలోని చివరి ఊళ్ళో ఒక పెద్దమనిషికి చెప్పి వెళ్ళండి, తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు కనిపించి వెళ్ళండి.